నరసాపురంలో ఏం చూడాలంటే: పక్క ఊళ్లు

సంక్రాంతికో, వేసవి సెలవులకో హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి చుట్టాలు దిగుతారు. కాళ్లు కడుక్కుని కాఫీ తాగి ఒకే ప్రశ్న వేస్తారు. "మీ ఊళ్లో చూడ్డానికి ఏమున్నాయండీ?" దీనికి నరసాపురంలో పుట్టిన ప్రతివాడి దగ్గరా ఒకే జవాబు సిద్ధంగా ఉంటుంది. "మా ఊళ్లో ఏముంటాయండీ, అలా అంతర్వేది వెళ్లిరండి."

తెలియనివాళ్లు దీన్ని వినయం అనుకుంటారు. కాదు, ఇది మా ఊరి పర్యాటక విధానం. కాగితం మీద ఎవరూ రాయలేదు, కౌన్సిల్లో ఎవరూ తీర్మానం చేయలేదు, అందుకే ఇంత బాగా అమలవుతోంది. చూడదగ్గదేదైనా పక్క ఊళ్లో ఉండాలన్నది దీని మూలసూత్రం. అప్పుడు పార్కింగ్ గొడవ ఆ ఊరిది, చెత్త ఆ ఊరిది, హుండీ లెక్కల తగువులూ ఆ ఊరివే. చుట్టం మాత్రం సాయంత్రానికి ఆకలేసి మన ఇంటికే వస్తాడు.

అంతర్వేది సంగతే తీసుకోండి. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట లక్ష్మీనరసింహస్వామి గుడి. మాఘమాసంలో దశమి రాత్రి కల్యాణం, భీష్మ ఏకాదశికి రథం, ఇసుక వేస్తే రాలనంత జనం. 2020 సెప్టెంబరులో పాత రథం షెడ్డులోనే కాలిపోతే మరుసటి మాఘమాసానికల్లా కొత్త రథం తయారైంది. ప్రభుత్వం పని అనుకున్న గడువులో పూర్తి కావడం కళ్లారా చూడాలనుకునేవాళ్లకు కూడా మేం అంతర్వేదినే సిఫారసు చేస్తాం.

అది చూడాలంటే ముందు గోదావరి దాటాలి. రేవులో పంటు ఎక్కితే అవతల సఖినేటిపల్లి. కార్లు, మోటారు సైకిళ్లు, ఆటోలు, పెళ్లివాళ్లు, చేపల బుట్టలు, అన్నీ ఒకే పంటు మీద సర్దుకుంటాయి. దీనికి బదులు వంతెన కడతామని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంటున్నారు. అందులో ఎవరి తప్పూ లేదు. వంతెన వస్తే చుట్టాలు మా ఊళ్లో ఆగకుండా నేరుగా అంతర్వేదికి పోతారు, అప్పుడు విధానం ఏమైపోవాలి? కోటిపల్లి నుంచి నరసాపురానికి రైలు మార్గం కూడా ఇరవై ఏళ్లు దాటినా కడుతూనే ఉన్నారు. గోదావరి పాయల్లో స్తంభాలు లేచాయి, రైలు మాత్రం లేదు. వేరే దేశంలో అయితే ఆ స్తంభాల వరుసకు ఏదో ఒక రాజు పేరు పెట్టి, టికెట్టు కొట్టి చూపించేవాళ్లు.

సముద్రం కూడా మాది కాదు, పేరుపాలెంది. పేరుపాలెం ఉన్నది మొగల్తూరు మండలంలో. కృష్ణంరాజుదీ చిరంజీవిదీ ఆ మొగల్తూరే, కాబట్టి సినిమా హీరోలు కూడా మావాళ్లు కారు. పంచారామాలంటే పాలకొల్లు, భీమవరం పంపుతాం. పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకు నల్లగా కనిపించే శివలింగాన్ని చూపించే శ్రమ భీమవరం వాళ్లది. ఆ తిథులు చూసుకుని చుట్టాలను పంపే శ్రమ మాది.

ఇక తిండి. ఇక్కడ మా విధానానికి కాస్త ఇబ్బంది ఉందని ఒప్పుకోవాలి. చుట్టానికి తిండి పెట్టకుండా పక్క ఊరికి పంపడం గోదావరి జిల్లాల్లో నేరం. అందుకని ఒక మధ్యేమార్గం కనిపెట్టాం. తినేది మా ఇంట్లో, గొప్ప మాత్రం పక్క ఊరికి. మూకుడులో మినప్పిండి పోసి, కిందా పైనా నిప్పులు పెట్టి, అట్టు ఎర్రగా అంగుళం మందాన పొంగేదాకా కాల్చి, చెరకు పానకంతో దిబ్బరొట్టె పెడతాం. చుట్టం రెండు ముక్కలు తిని కళ్లు మూసుకుని ఆనందిస్తుంటే, "ఇదేముందండీ, పాలకొల్లులో తినాలి అసలు దిబ్బరొట్టె" అంటాం. పూతరేకు నోట్లో పెట్టుకోగానే, "ఆత్రేయపురంలో చేస్తుండగా చూస్తూ తినాలండీ, దానికి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది" అని తేదీతో సహా చెబుతాం. కాజా తాపేశ్వరానిది. పనసపొట్టు కూర మటుకు కోనసీమవాళ్లే చేయాలి. ఆఖరికి చింతచిగురు వేసి పచ్చిరొయ్యలు వండిన ఇల్లాలు కూడా "మా పుట్టింట్లో అయితే ఇంకా బాగుంటుందండీ" అనే అంటుంది. ఆ పుట్టిల్లు రాజోలులో ఉంటుంది. చుట్టం అన్నీ విని తలాడిస్తూ మూడోసారి వడ్డించుకుంటాడు. వద్దన్నా వడ్డిస్తారని అతనికి ముందే తెలుసు.

పులస విషయంలో విధానం ఇంకా కట్టుదిట్టం. వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు తగలగానే సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కే చేప అది. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత మా వైపుదే. ఆ సామెత పుట్టిన రోజుల్లో బంగారం చవకని, ఇప్పుడు లెక్క అటూ ఇటూ అయిందని నా అనుమానం. కిలో వేలల్లో పలుకుతుంది. కొనాలంటే "యానాం వెళ్లండి, అక్కడ వేలం వేస్తారు" అని చెబుతాం, మళ్లీ పక్క ఊరే. ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి ఐసుపెట్టెల్లో వచ్చిన చేపలు గోదావరి గాలి తగలగానే పులసలైపోవడం కూడా ఇక్కడి వింతల్లో ఒకటి. దానికి టికెట్టు లేదు, చేప ధరలోనే కలిసి ఉంటుంది. అసలు పులస దొరికిందే అనుకోండి, మట్టిదాకలో బెండకాయలు వేసి, ఆవకాయ మీద తేలిన నూనె పోసి, సన్నటి సెగ మీద పులుసు పెడతారు. దాన్ని వండిన రోజు తినకూడదు, మర్నాడు తినాలి. సాయంత్రం రైలుకు టికెట్టు చేయించుకున్న చుట్టానికి ఈ సంగతి మధ్యాహ్నం చెబుతారు.

రొయ్యల సంగతి కొంచెం వేరు. ఊరి చుట్టూ వరిచేలు చెరువులయ్యాయి, చెరువుల్లో వెనామీ పెరుగుతుంది. మంచి సైజు రొయ్య ఐసులో పడుకుని అమెరికా వెళ్లిపోతుంది. మన మార్కెట్లో కనిపించేది వీసా రాని రొయ్య.

ఇంత కట్టుదిట్టమైన విధానానికి ఊళ్లోనే ఒక చిల్లు ఉంది. నిజంగా మా ఊరివే అయిన వస్తువులు కొన్ని మిగిలిపోయాయి. వాటిని ఏ పక్క ఊరికీ అంటగట్టలేం. పదిహేడో శతాబ్దంలో ఇక్కడ ఓడలు కట్టేవారు. చుట్టాలు పంటు ఎక్కే మాధవాయిపాలెం ఒకప్పుడు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం ఉన్న చోటు. ఆ ఊరి పేరుతో ఒక రకం నూలుబట్ట ఐరోపా అంతా అమ్ముడైంది. అదృష్టవశాత్తూ దీన్ని దాచడం తేలిక. రేవులో ఒక్క బోర్డు పెట్టకపోతే చాలు. ఆ బాధ్యతను ఇన్నేళ్లుగా అందరూ నిష్ఠగా నిర్వర్తిస్తున్నారు.

లేసు సంగతే తేలడం లేదు. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని ఇది. భోజనాలయ్యాక నరసాపురంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఏ సందులోకి వెళ్లినా అరుగు మీద నలుగురు ఆడవాళ్లు కూర్చుని కొక్కెం సూదితో లేసు అల్లుతూ ఉంటారు. కళ్లు ఒకరి ముఖం మీద, మాట ఇంకొకరితో, చేతులు వాటంతటవే పని చేసుకుపోతాయి. ఒకామె పువ్వులే అల్లుతుంది, ఇంకొకామె వాటిని కలుపుతుంది. అలా ఇల్లు ఇల్లూ తిరిగి బల్లమీది గుడ్డలో, దుప్పటో తయారై ఏజెంటు సంచిలోకి చేరి, అక్కడి నుంచి ఓడెక్కుతుంది. చుట్టం గోదావరి మీద సూర్యాస్తమయం ఫోటో తీయాలని వాళ్ల ముందునుంచే గబగబా నడిచిపోతాడు. ఆగి "ఏం చేస్తున్నారు పిన్నీ?" అని అడిగినా మాకు భయం లేదు. "ఏముంది బాబూ, ఖాళీగానే ఉన్నాం" అంటుంది.

ఆ ఖాళీగా ఉండటాన్ని చూడటానికి మరియా మీస్ అనే ఒక సామాజిక శాస్త్రవేత్త జర్మనీ నుంచి వచ్చింది. 1982లో పుస్తకమే అచ్చయింది. ఇంటిపనంతా చేసుకుని, ఆ పైన గంటల తరబడి లేసు అల్లే ఈ ఆడవాళ్లను కార్మికులు అనకుండా గృహిణులని పిలవడం వల్లే కూలి అంత తక్కువగా ఉంటోందని, వ్యాపారం మాత్రం మగవాళ్ల చేతిలో ఉందని అందులో వాదించింది. అంత దూరం నుంచి వచ్చి, అంతర్వేది వెళ్లిరమ్మంటే వినకుండా అరుగుల దగ్గరే కూర్చుందంటే ఆవిడకు మా విధానం ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. 2024లో నరసాపురం లేసుకు కూడా భౌగోళిక గుర్తింపు వచ్చేసింది. పూతరేకుల తేదీ గడగడా చెప్పే మావాళ్లలో ఎంతమందికి ఈ తేదీ నోటికి వస్తుందో నేను అడగలేదు, అడిగి ఊళ్లో వాళ్లను ఇబ్బంది పెట్టడం మర్యాద కాదు.

అయినా పరిస్థితి చేయి దాటలేదు. రైలుకు బయల్దేరే ముందు చుట్టాలకు సంచి సర్దడం మా ఆచారం. అందులో తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకులు, అంబాజీపేట కొబ్బరికాయలు ఉంటాయి. మొన్న ఒక పెద్దాయన సంచి చేతికి తీసుకుంటూ, "బావగారూ, ఇక్కడ లేసు బాగుంటుందట కదా, టేబుల్ మీదకి ఒకటి కొనుక్కుందామనుకున్నాం" అన్నాడు. ఇంటాయన ఒక్క క్షణం కంగారుపడ్డాడు గానీ వెంటనే సర్దుకున్నాడు.

"అది ఎక్స్‌పోర్టు సరుకు కదండీ, మనవాళ్లు వాడరు. ఎలాగూ మే నెలలో లండన్‌లో మీ అబ్బాయి దగ్గరికి వెళ్తున్నారుగా బావగారూ, అక్కడ కొనుక్కోండి."