పిక్క నొప్పే కదా అనుకోకండి

ఇరాక్ యుద్ధాన్ని కవర్ చేస్తూ చనిపోయిన అమెరికా టీవీ చానెల్ ఎన్‌బీసీ విలేకరి డేవిడ్ బ్లూమ్ గురించి మీరు రాసిన వ్యాసం చదివి మనసంతా అదోలా అయిపోయింది. 2003 ఏప్రిల్ 6న, 39 ఏళ్లకే పోయారు. తూటా తగల్లేదు, బాంబు పడలేదు. రోజుల తరబడి సైనిక వాహనంలో కాళ్లు ముడుచుకుని కూర్చోవడం, అందులోనే నిద్ర. కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టి (దీన్నే డీప్ వెయిన్ థ్రాంబోసిస్, డీవీటీ అంటారు), ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్లి అడ్డుపడింది. రక్తం తొందరగా గడ్డకట్టే జన్యులోపం కూడా ఆయనకు ఉందని తర్వాత తేలింది.

మాది విజయవాడ ఆటోనగర్. మా బావగారు లారీ డ్రైవర్. పోయినేడాది లాంగ్ ట్రిప్ నుంచి వచ్చి ఎడమ పిక్క పట్టేసిందన్నారు. డ్రైవర్లకి కాళ్ల నొప్పులు మామూలేగా అనుకున్నాం. ప్యాంటు పైకి మడిచి చూస్తే ఆ కాలు రెండోదానికంటే లావుగా ఉంది, ముట్టుకుంటే వేడి. అక్క వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపు అలాగే ఉండిపోయింది. మొదట చూపించిన చోట బెణికిందని మాత్రలిచ్చి పంపేశారు. రెండు రోజులకి ఆయాసం, గాలి పీలిస్తే ఛాతీలో పోటు. వేరే ఆస్పత్రికి పరిగెత్తాం. రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ తీసి కాల్లో రక్తం గడ్డకట్టిందని చెప్పారు. అది ఊపిరితిత్తుల్లోకీ చేరిందన్నారు. రక్తం పలచబడే మందులతో దేవుడి దయవల్ల బయటపడ్డారు. ఆ రెండు రోజులూ తలుచుకుంటే ఇప్పటికీ నాకు వణుకొస్తుంది, కోపమూ వస్తుంది.

ఇప్పుడాయన రెండు మూడు గంటలకోసారి బండి ఆపి కాసేపు నడుస్తారు. నీళ్లు బాగా తాగుతారు.

వ్యాసం చివర లక్షణాలు కూడా చేర్చండి, ప్లీజ్. ఒక్క కాలికే వాపు, పిక్క నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం. మా ఆటోనగర్‌లో ఈ జబ్బు పేరైనా విననివాళ్లు చాలామంది ఉన్నారు.