సాయిల్ హెల్త్ కార్డు గారూ, మా మట్టి ఎక్కడుందో చూసారా?

మట్టి పరీక్ష చేసి సర్కారు రైతుకిచ్చే సాయిల్ హెల్త్ కార్డు గారికి నమస్కారాలు.

మొత్తానికి మీరు చేతికొచ్చారు. నిన్న అన్నం టైముకి ఆఫీసుకి వెళ్తే సర్వర్ డౌన్ అన్నారు, సర్వర్ లేచాక ప్రింటర్ పడుకుంది, ప్రింటర్ లేచేసరికి ప్రింటు తీసే ఆయన టీకెళ్ళాడు, ఆయనొచ్చేసరికి కరెంటు పోయింది. ఇవన్నీ మామూలే లెండి, ఒడిశా రాయగడ జిల్లాలో ఆఫీసు పనున్న ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. పొద్దు వాలాక ఒక కాగితం చేతిలో పెట్టి "మీ మట్టి చాలా బావుందండీ" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే మా గరువులో, అంటే మెట్ట చేలో, మట్టి లేదు.

మీరు చదువుకున్న కార్డు, మీకు చెప్పేంతటివాణ్ణి కాను. 12 గడులున్నాయి మీ ఒంటి నిండా. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్, ఉప్పెంతుందో చెప్పే ఈసీ, సేంద్రియ కర్బనం, దేని గడిలో దాని అంకె. కర్బనం మీడియం అంట! మా అమ్మకి చదివి వినిపిస్తే "ఎవరి పొలంరా ఇది, అమ్ముతారా" అంది.

శాంపిల్ తీసిన రోజు మీరక్కడ లేరు, నేనున్నాను, కాబట్టి జరిగింది మనవి చేసుకుంటాను. రూలు ప్రకారం పొలం నాలుగు మూలలా ఒక్కోచోట, మధ్యలో ఒకచోట, చెట్టు నీడ లేకుండా, గట్టు మీద కాకుండా, పెంటకుప్ప పక్కన కాకుండా, వీ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గొయ్యి తీసి, ఆ గోడ వెంట పైనుంచి కిందదాకా పలచగా మట్టి చెక్కి, అన్నిచోట్లదీ కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలో మిగిలేదాకా అలా చెయ్యాలి. చక్కటి పద్ధతి, ఎవరు రాసారో గానీ దండం పెట్టొచ్చు. పాపం ఆ కుర్రాడు కూడా పద్ధతిగానే మొదలెట్టాడు. మొదటి మూల గునపం వేసాడు, బెత్తెడు దిగి ఠంగుమంది. రెండో మూల వేసాడు, అక్కడ బెత్తెడు కూడా లేదు. మధ్యలో కాస్త దిగింది గానీ పైకొచ్చింది మట్టి కాదు, తుప్పు రంగు గులకరాళ్ళు. "అన్నా, 15 సెంటీమీటర్లు దిగట్లేదు" అన్నాడు. దిగాలంటే ఉండాలి కదా తమ్ముడూ! కాసేపు ఎండ వైపు చూసాడు, ఫోను చూసుకున్నాడు, గట్టు దిగి కిందనున్న మా చినమావయ్య మళ్ళోకి పోయి మెత్తగా చల్లగా గునపం కూడా అక్కర్లేకుండా చేత్తోనే తీసుకున్నాడు. లొకేషన్ మాత్రం మళ్ళీ పైకొచ్చి మా గరువులో నిలబడి కొట్టాడు. సంచీ మీద నా పేరు రాసాడు.

మొదట్లో వర్షాధారం భూములకి 10 హెక్టార్లకి ఒక శాంపిల్ చొప్పున తీసేవాళ్ళు కదా, అంటే పాతిక ఎకరాల్లో కొండవాలు, గరువు, పల్లం, గెడ్డ (కొండవాగు) పక్క మడి అన్నీ ఒకే రిపోర్టు పంచుకునేవి, అదేం లెక్కండీ అంటే ఇకమీదట అలా కాదు, ఎవరి పొలం వాళ్ళదే, సెల్లులో లొకేషన్ కొట్టి మరీ తీస్తాం అన్నారు. కొట్టారుగా. కాదనలేను.

అబద్ధం చెప్పకూడదు గానీ ఆ మళ్ళో మట్టి కూడా నాదే. ఏటా వానల్లో మా గరువు మీంచి ఎర్రగా దిగి, గట్టు తెంపుకుని పోయి మావయ్య మళ్ళో కూర్చున్న మట్టే అది. నేను తోలించిన పెంట అందులో ఉంది, నేను చల్లిన డీఏపీ ఉంది. కాబట్టి మీ రిపోర్టు కరెక్టే, అడ్రసే తప్పు. "ఈసారి ఎరువు తక్కువేసినా వరి ఇరగ్గాసిందిరా" అని మావయ్య నా దగ్గరే సంబరపడతాడు, మేనల్లుణ్ణి కదా, నవ్వాలి.

1983లో ధ్రువనారాయణ, రాంబాబు అని ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్క కట్టారు, దేశంలో ఏటా 533 కోట్ల టన్నుల మట్టి కోసుకుపోతోందని, సగటున హెక్టారుకి 16 టన్నుల పైమాటే. అందులో 29 శాతం సముద్రంలోకి, 10 శాతం రిజర్వాయర్లలోకి, మిగతా 61 శాతం ఒకచోట లేచి ఇంకోచోట కూర్చుంటుంది అంతే. మా మావయ్య ఆ 61 శాతంలో ఉన్నాడన్నమాట. అక్కడ ఆగనిది గెడ్డలో పడి వంశధారలో కలిసి, గొట్టా బ్యారేజీ దాటి కళింగపట్నం దగ్గర సముద్రంలోకి పోతుంది. ఆ నీళ్ళ కోసం ఒడిశా, ఆంధ్రా రెండు రాష్ట్రాలూ ట్రిబ్యునల్ దాకా వెళ్ళి ఏళ్ళకేళ్ళు వాదించుకున్నాయి గానీ, ఆ నీళ్ళలో ఎర్రగా పోతున్నది ఎవరిదీ అని ఒక్కడూ అడగలేదు.

అసలు మట్టి ఎలా పుడుతుందో మీకు ఎవరైనా చెప్పారా? మా చుట్టూ ఉన్న కొండల రాయి ఖోండలైట్, ఇక్కడి ఖోండుల పేరే దానికి పెట్టారు. ఆ రాయి ఎండకి పగిలి, వానకి నాని, చెట్ల వేళ్ళు సందుల్లో దూరి, చెదలు కిందది పైకి పైది కిందకి మోసి, అందులో కరిగేవన్నీ కరిగి పోగా ఇనుము మిగిలి ఎర్రబడితే మా నేల అయ్యింది. కొన్ని కొండల నెత్తి మీద అది లక్షల ఏళ్ళు అలాగే జరిగి జరిగి గట్టి పెచ్చు కట్టేసింది, దాన్నే అల్యూమినియం తీసే బాక్సైటు అని కంపెనీలు ఎగబడేది. అందుకే ఇక్కడ అలాంటి కొండల్ని చూస్తే పైన గడ్డి, వాలు మీద అడవి, పైన చెట్టుకి వేరు దిగే దారి లేదు, వాలులో ఊట ఉంది, మట్టి ఉంది. ఇలాంటి మట్టి 2-3 సెంటీమీటర్లు తయారవ్వాలంటే వెయ్యేళ్ళ దాకా పడుతుందని ఐక్యరాజ్యసమితి వ్యవసాయ సంస్థే చెప్తోంది. నాకు పోయిన బెత్తెడు మళ్ళీ రావాలంటే రెండు వేల ఏళ్ళ కిందటి ఖారవేలుడి కాలంలో మొదలెట్టినా ఈపాటికి పూర్తయ్యేది కాదు. మీరేమో రెండు మూడేళ్ళకోసారి వచ్చి జింకు తక్కువైందంటారు.

మా తాతకి కార్డు లేదు. గుగ్గిలం చెట్టు నిటారుగా ఎదిగిన చోట కింద మట్టి లోతుందని చెప్పేవాడు, కొండఈత పొదలు కమ్ముకొస్తే "ఈ నేల పని అయిపోతుందిరా" అనేవాడు. మా గరువు పైన అప్పట్లో గుగ్గిలం, ఇప్ప, తునికి, వాటి మీద పాకిన అడ్డతీగ ఉండేవట. ఇప్పుడు నీలగిరి తోట. కింద గడ్డిపరక లేదు, రాలిన ఆకు రాలినట్టే పొయ్యిల్లోకి ఊడ్చుకుపోతారు, వాన చినుకు నేరుగా వచ్చి నేల నెత్తి మీద పడుతుంది. అయినా దాన్ని అడవి కాదనకూడదు, మీ చుట్టాలు, అడవుల లెక్క కట్టేవాళ్ళే ఒప్పుకోరు. హెక్టారు పైన ఉండి, పైనుంచి చూస్తే 10 శాతం ఆకు కనిపిస్తే అది గుగ్గిలమైనా నీలగిరైనా జీడితోటైనా దేశం లెక్కలో అడవి విస్తీర్ణమే. ఇక ఏటా జూలైలో వనమహోత్సవం అని ఆ పాత గోతుల్లోనే కొత్త మొక్కలు పెడతారు, ఫొటోలు బావుంటాయి.

ఇంత జరిగాక ఎవరో ఒకరొచ్చి "పోడు వల్లేనండీ, సవరల వల్లేనండీ" అంటారు. అన్నవాళ్ళని ఒకసారి పుట్టాసింగ్ వైపు తీసుకెళ్ళి ఆ కొండవాలు చూపించాలి. అక్కడి లాంజియా సవరలు అనే గిరిజనులు రాయి మీద రాయి పేర్చి, సిమెంటు చుక్క లేకుండా గోడలు కట్టి, వాలు పొడుగునా మెట్లు మెట్లుగా మళ్ళు చేసి, పై మడి నీరు కింద మడికి దిగేలా వరి పండిస్తారు. మట్టి ఎక్కడిదక్కడ ఉంటుంది. వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది పోయి వాళ్ళకి కూడా మీలాంటి కార్డే పంచుతున్నారు.

ఇక "మీరు" అనడం నా వల్ల కాదు. చూడు కార్డూ, నువ్వు పుట్టింది 2015 ఫిబ్రవరి 19న, రాజస్థాన్ సూరత్‌గఢ్‌లో, ఎడారి పక్క. గాలొస్తే నేల ఎలా లేచిపోతుందో పురిట్లోనే చూసుంటావు. ఆ ఏడాదే ప్రపంచమంతా మట్టి సంవత్సరం అని పండగ చేసుకుంది. "స్వస్థ్ ధరా, ఖేత్ హరా" అని, అంటే నేల ఆరోగ్యంగా, పొలం పచ్చగా అని, నీకు నినాదం కూడా ఇచ్చారు. అన్నీ ఇచ్చి ఒక్క గడి ఇవ్వలేదా? జింకు పీపీఎమ్‌లో కావాలి, బోరాన్ పీపీఎమ్‌లో కావాలి, ఆ జింకూ బోరానూ కూర్చోడానికి నేల ఎంత మిగిలిందో మాత్రం నీకక్కర్లేదు! లోతు అని 13వ గడి పెట్టడానికి ల్యాబ్ కావాలా, కెమికల్ కావాలా? గునపం ఉంది, స్కూలు పిల్లల స్కేలు ఉంది. పోయిన ఏడు కన్నా ఈ ఏడు తగ్గిందా లేదా, అదొక్కటి రాసుంటే ఈ జిల్లాలో ఎన్ని గరువులు రాయి తేలాయో ఏ ఆఫీసర్‌కైనా కూర్చున్న చోటే తెలిసేది. తెలిస్తే ఏదో ఒకటి చెయ్యాల్సొస్తుందని భయమా? 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పక్కనే గజపతి జిల్లాలో కొండచరియలు జారి మనుషుల మీద పడ్డాయి, ఇంకా ఎంత జారితే ఒక గడి గీస్తారు?

పైగా జింకు సల్ఫేటు వెయ్యమని సలహా. ఎక్కడ వెయ్యను? రాయి మీదా? వేసినా తొలకరికి అది కూడా మావయ్య మళ్ళోకే పోతుంది. సరేలే అని షాపుకెళ్తే షాపువాడు నిన్ను తిరగేసి కూడా చూళ్ళేదు, జింకు లేదు, యూరియా ఉంది, యూరియా కావాలంటే ఈ సీసా కూడా తీసుకోవాలి అన్నాడు.

అందుకని నిన్ను మావయ్యకిచ్చేసాను. నిజం చెప్పాలంటే ఆయనకి పనికొస్తావు, నీ అంకెలన్నీ ఆయన మడివే కదా, నీ మాట మీద యూరియా ఒక బస్తా తగ్గిస్తానంటున్నాడు, తగ్గించనీ, అంతవరకు నీకు పుణ్యమే. నేను మాత్రం వాలుకి అడ్డంగా రాళ్ళు పేర్చి, వాటి వెంట కొండచీపురు దుబ్బులు నాటుతున్నాను. సునాబెడా మట్టి పరిశోధన కేంద్రం వాళ్ళు కోరాపుట్ కొండల్లో ఇలాంటివే చేయిస్తారు, దుబ్బు వేరు మట్టిని పట్టుకుంటుంది, చలికాలం వచ్చేసరికి చీపుర్లు కోసి సంతలో అమ్ముకోవచ్చు. ఆగినంత ఆగుతుంది.

వచ్చేసారి శాంపిల్‌కి ఆ కుర్రాణ్ణే పంపు, కోపం లేదు, టీ కూడా ఇస్తాను. కానీ గునపం ఠంగుమన్న చోట స్కేలు పెట్టి ఎన్ని సెంటీమీటర్లో నీ ఖాళీ మార్జిన్‌లోనైనా రాసి సంతకం పెట్టాలి. గట్టు దిగుతానంటే కుదరదు, మళ్ళో కాలు పెడితే కుక్కని వదలమని మావయ్యకి ముందే చెప్పి ఉంచాను.

ఇట్లు,
రాయి తేలిన గరువు తాలూకు రైతు