చివరి రోజు ఫొటోల గోల

ఆఫ్రికా దేశమైన మలావిలోని మంగోచి దగ్గర మా ఉచిత వైద్య శిబిరానికి ఆఖరి రోజు. బయట మామిడి చెట్టు కింద ఇంకా నలభై మంది కూర్చునే ఉన్నారు. లోపల మావాళ్లేమో ఫొటో కోసం బ్యానరు ముడతలు సరిచేస్తున్నారు! పొడుగువాళ్లు వెనక్కి, పొట్టివాళ్లు ముందుకు... అరగంట అందులోనే పోయింది.

బీపీ 180 ఉన్న పెద్దావిడకు 30 రోజుల అమ్లోడిపిన్ మాత్రలు ఇచ్చాం. ముప్పై ఒకటో రోజు ఏం మింగాలో ఆమె అడగలేదు, మేమూ చెప్పలేదు. అరచేతులు మెల్లగా తట్టి ‘జికోమో’ అంది. వాళ్ల చిచేవా భాషలో ధన్యవాదాలని. దేనికమ్మా, నాకు సిగ్గేసింది.

మిగిలిన షుగరు పరీక్ష స్ట్రిప్పులను అక్కడి ఆరోగ్య కేంద్రానికి దానం చేశామని గొప్పగా రాసుకున్నాం కూడా. వాటికి సరిపోయే మీటరు మాత్రం మా పెట్టెలోనే తిరుగు ప్రయాణం కట్టింది!