వేదాలు చదివినా వినని చెవి

‘రావణుడు నాలుగు వేదాలు, ఆరు శాస్త్రాలు చదివాడు. అయినా పరస్త్రీని ఎత్తుకుపోయాడు. కాబట్టి జ్ఞానం వేరు, గుణం వేరు. ముందు తెలివి సంపాదించండి, మంచితనం సంగతి తరువాత చూసుకోవచ్చు.’

పది తలల బొమ్మతో ఈ సందేశం నా ఫోనుకు ఇప్పటికి ఆరుసార్లు వచ్చింది. పంపినవారిలో మా మేనల్లుడు ఉన్నాడు, ఉదయం నడకలో కలిసే పెద్దమనిషి ఒకరు ఉన్నారు. రావణుడి వెనుక మరో మూడు వాదాలు వరుస కట్టాయి. విద్య వినయాన్ని ఇస్తుందని పెద్దలే అన్నారు కాబట్టి చదివితే గుణం దానంతట అదే వస్తుందట. తెలిస్తే చాలునని సోక్రటీసు కూడా అన్నాడట. న్యూటన్ కక్షలమారి అయినా మహా శాస్త్రవేత్త కాలేదా అని చివరి ప్రశ్న. ఆ పైన ‘పది మందికి పంపండి’ అనే ఆజ్ఞ. ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి పంపకుండా ఊరుకోగలను గానీ, జవాబు చెప్పకుండా ఊరుకోలేను.

రావణుడి దగ్గర ఒప్పుకోవలసింది ముందే ఒప్పుకుంటాను. ఆయన చదువుకున్నవాడే. వాల్మీకి ఆ మాట దాచలేదు. సుందరకాండలో హనుమంతుడికి తెల్లవారుజామున లంకలో వినిపించింది వేదఘోష. రావణుడు నేలకూలాక విభీషణుడు, మా అన్న అగ్నిహోత్రి, వేదాంతం తుదిముట్టా చదివినవాడు అని రాముడితో చెబుతాడు. పది తలలకు నాలుగు వేదాలు, ఆరు శాస్త్రాలు అని లెక్క సరిపెట్టడం మాత్రం తరువాతివారి ముచ్చట. వాల్మీకిలో అది లేదు.

ఇంత చదివినవాడికి తక్కువైంది ఏమిటి? సమాచారమైతే కాదు. మారీచుడి దగ్గరికి బంగారు లేడి పథకంతో వెళ్ళినప్పుడు, ఎదురుగా ఉన్నది రాముడి బాణం దెబ్బ తిన్న మనిషి. నూరు యోజనాల అవతల సముద్రంలో పడి బతికినవాడు. ఇంతకన్నా నమ్మదగిన సాక్షి ఎక్కడ దొరుకుతాడు? ఆ మారీచుడు అన్న మాట ఇది: ఎప్పుడూ ఇంపుగా మాట్లాడేవాళ్ళు సులభంగా దొరుకుతారు రాజా, ఇంపుగా లేకపోయినా మేలు చేసే మాట చెప్పేవాడూ అరుదే, వినేవాడూ అరుదే. యుద్ధకాండలో విభీషణుడి నోట మళ్ళీ ఇదే శ్లోకం వస్తుంది. మొదటిసారి రావణుడు చెప్పినవాణ్ణి చంపుతానని బెదిరించాడు, రెండోసారి తమ్ముణ్ణి తిట్టి పోగొట్టుకున్నాడు. సరైన మాట రెండుసార్లు ఇంటికి నడిచి వచ్చింది. రెండుసార్లూ పెడచెవిన పెట్టాడు.

ఇది భక్తుల వ్యాఖ్యానం అని తీసిపారేసేవారి కోసం భక్తితో ఏ సంబంధమూ లేని కౌటిల్యుణ్ణి పిలుస్తాను. అర్థశాస్త్రం మొదటి అధికరణంలో, మనిషిని లోపలి నుంచి తినే ఆరుగురు శత్రువుల వల్ల చెడిన రాజుల పట్టిక ఉంది. కామం, కోపం, లోభం, మానం (తల వంచనివ్వని గర్వం), మదం, హర్షం - ఒక్కో పద్దు కింద కొన్ని పేర్లు. పరస్త్రీని ఎత్తుకుపోయినవాడు కదా, రావణుడు కామం పద్దులో ఉంటాడని నేనూ అనుకున్నాను. లేడు. అక్కడ భోజవంశపు దాండక్యుడు ఉన్నాడు. రావణుడి పేరు మానం కింద ఉంది, దుర్యోధనుడి పక్కన. ఒకడు మానం వల్ల పరుల భార్యను తిరిగి ఇవ్వలేదు, రెండోవాడు రాజ్యంలో భాగం ఇవ్వలేదు. కౌటిల్యుడి లెక్కలో రావణుణ్ణి ముంచింది ఎత్తుకురావడం కాదు, ‘నాదే తప్పు’ అని వెనక్కి పంపలేకపోవడం. సీతను అప్పగిస్తే యుద్ధమే లేదని లంకలో పసిపిల్లలకైనా అర్థమయ్యేది. వేదాంతం చదివిన ఆ ఒక్కడికే అర్థం కాలేదు. ‘చదవేస్తే ఉన్న మతి పోయింది’ అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

గుణం లోపించినా జ్ఞానం చెక్కుచెదరలేదని చెప్పడానికి తెచ్చిన సాక్షి, గుణం లోపించిన చోటే జ్ఞానం పనిచేయడం మానేసిందని చెప్పి వెళ్ళాడు. తమ సాక్షిని తామే సరిగా విచారించకపోతే ఇలాగే అవుతుంది.

రెండో వాదం దగ్గర నాకు కొంచెం ఎక్కువ కోపం వస్తుంది. ‘విద్యా దదాతి వినయం’ హితోపదేశంలోని శ్లోకం, బడిగోడల మీద చూడనివారు ఉండరు. విద్య వినయాన్ని ఇస్తుంది, నిజమే. కానీ ఎవరికి ఇస్తుంది? కౌటిల్యుడు ఈ ప్రశ్న దగ్గర ఆగాడు. విద్యకూ వినయానికీ కూడా మూలం ఇంద్రియజయం అన్నాడు, అదీ పైన చెప్పిన ఆరింటినీ వదిలితేనే వస్తుందన్నాడు. శిక్షణ తగిన సరుకునే తీర్చిదిద్దుతుంది, తగనిదాన్ని కాదు అని కూడా ఖరాఖండిగా రాశాడు. తగిన బుద్ధికి ఎనిమిది లక్షణాలు చెప్పాడు: శుశ్రూష, శ్రవణం, గ్రహణం, ధారణ, విజ్ఞానం, ఊహ, అపోహ, తత్త్వాభినివేశం. చివరిది నిజం పట్ల పట్టుదల. అపోహ అంటే మనం ఈ రోజు వాడే పొరపాటు అభిప్రాయం కాదు, పొరపాటును తీసి అవతల పారేయడం. మాట అర్థం తలకిందులైన తీరు చూస్తే నవ్వొస్తుంది.

నేను మాత్రం మొదటి మాట దగ్గరే ఆగిపోతాను. శుశ్రూష ఇప్పుడు ఆసుపత్రి మాట అయింది, రోగికి చేసే సేవ. మూలంలో దాని అర్థం ‘వినాలనే కోరిక’. శ్రవణం కూడా రెండోదే. చెవులున్న ప్రతివాడికీ శబ్దం చేరుతుంది, వినాలని ఉండటం వేరు. కౌటిల్యుడు దాన్ని తెలివి కింద లెక్కవేశాడు, మనం మర్యాద కింద జమకట్టాం. రావణుడికి గ్రహణం, ధారణ దండిగా ఉన్నాయి. మొదటిదీ చివరిదీ లేవు.

పన్నెండేళ్ళు గురువు దగ్గర వేదాలన్నీ చదివి ఇరవై నాలుగో ఏట ఇంటికి తిరిగి వచ్చిన శ్వేతకేతువు కథ ఛాందోగ్యోపనిషత్తులో ఉంది. కొడుకు ఎలా వచ్చాడో ఉపనిషత్తు ఒక్క మాటలో బొమ్మ కట్టింది: ‘స్తబ్ధుడు’. బిగుసుకుపోయి, మెడ వంగకుండా, అంతా తెలుసునన్న లెక్కలో వచ్చాడు. తండ్రి ఉద్దాలకుడు తిట్టలేదు, ఒక ప్రశ్న వేశాడు. దేన్ని వింటే విననిది కూడా విన్నట్టవుతుందో దాని గురించి అడిగావా నాయనా? ‘అదెలాగండీ?’ అన్నాడు కొడుకు. పన్నెండేళ్ళ చదువు తేలేకపోయిన వినయం ఆ ఎదురుప్రశ్నలో వచ్చింది, పాఠం ఆ తరువాతే మొదలైంది. చదివితే గుణం దానంతట అదే వచ్చేటట్టయితే, శ్వేతకేతువు గుమ్మం దాటకముందే వచ్చి ఉండాలి.

అలాగని గుణం ముందు, చదువు తరువాత అని నేను వరుస మార్చడం లేదు. చంపానగరంలో సోణదండుడు అనే బ్రాహ్మణ పండితుడు బుద్ధుడితో మాట్లాడుతూ చెప్పిన పోలిక బౌద్ధుల పాళీ గ్రంథం దీఘనికాయంలో ఉంది. చేతిని చేయి కడిగినట్టు, కాలిని కాలు కడిగినట్టు శీలాన్ని ప్రజ్ఞ కడుగుతుంది, ప్రజ్ఞను శీలం కడుగుతుంది. బుద్ధుడు అవునన్నాడు. కుళాయి కింద ఒంటిచేత్తో చేయి కడుక్కోవడానికి ప్రయత్నించి చూడండి, సందేశం రాసినవారి చిక్కు తెలుస్తుంది.

ఇక సోక్రటీసు. సద్గుణమే జ్ఞానం అన్న ఆలోచన ఆయనదే, అందులో సందేహం లేదు. కానీ ఆయన ‘జ్ఞానం’ అన్నప్పుడు పుస్తకం చదివి తెలుసుకున్న సంగతి అనుకుంటే ఎలా? జీవితమంతా ఏథెన్సు వీధుల్లో, తెలుసు అనుకున్నవారికి తెలియదని చూపిస్తూ తిరిగిన మనిషి ఆయన. ఒక్క పుస్తకమూ రాయలేదు. తెలిస్తే చాలు అన్న మాటకు ఆయన దగ్గరి మనిషే చిక్కు తెచ్చిపెట్టాడు, పేరు ఆల్సిబియాడిస్. అందం, తెలివి, మాటకారితనం, ఏథెన్సు నాయకుడు పెరిక్లీస్ ఇంట పెంపకం, పైగా సోక్రటీసు స్నేహం. క్రీ.పూ. 415లో సిసిలీ దండయాత్రకు ఏథెన్సును ఎగదోసి, నేరం మోపి వెనక్కి పిలిస్తే శత్రువైన స్పార్టా పంచన చేరాడు.

ప్లేటో ‘సింపోజియం’లో ఈ ఆల్సిబియాడిస్ విందుకు తాగి వచ్చి గుట్టు విప్పుతాడు. సోక్రటీసు ఎదుట మాత్రమే నాకు సిగ్గు వేస్తుంది, ఆయన మాట కాదనలేను, అందుకే చెవులు మూసుకుని పారిపోతాను, లేకపోతే ఆయన పక్కనే కూర్చుని ముసలివాణ్ణి అయిపోతాను అంటాడు. చెవులు మూసుకున్న సంగతి స్వయంగా ఒప్పుకున్నాడు పాపం, రావణుడు అదీ చేయలేదు.

ఇలాంటివారిని చూశాక అరిస్టాటిల్ లెక్క సరిచేశాడు. తాగినవాడు తత్త్వకవి ఎంపెడోక్లీస్ పద్యాలు గడగడా అప్పజెబుతాడు, అంతమాత్రాన వాటి అర్థం అతనిలో పనిచేస్తున్నట్టు కాదు అన్నాడు. అనుకున్నది సాధించే నేర్పు ఒకటి ఉంటుంది, గురి మంచిదైతే అది మెచ్చదగినది, చెడ్డదైతే వట్టి జిత్తులమారితనం. దాన్ని వివేకం అనడానికి ఆయన ఒప్పుకోలేదు. మంచి గుణం లేనివాడు వివేకి కాలేడు, వివేకం లేనివాడు పూర్తిగా మంచివాడు కాలేడు అని రెండు వైపులా ముడి వేశాడు. సోణదండుడి చేతుల పోలిక ఆయన విని ఉండడు, కానీ అక్కడికే వచ్చాడు.

న్యూటన్ సంగతి పైకి గట్టి వాదంలా కనిపిస్తుంది. ఆయన కక్షలు కట్టుకథలు కావు. కలన గణితం ఎవరు ముందు కనిపెట్టారన్న తగువులో 1712లో లండన్ రాయల్ సొసైటీ ఒక సంఘం వేసింది. సొసైటీ అధ్యక్షుడు న్యూటనే. తీర్పు చిత్తుప్రతి రాసిందీ న్యూటనే. ఎదుటి పక్షమైన జర్మన్ గణితవేత్త లైబ్నిజ్‌ను సాక్ష్యం అడగనే లేదు. ఆ తరువాత ఆ నివేదికను సమీక్షిస్తూ పేరు లేకుండా వ్యాసం రాసిందీ ఆయనే. ఇద్దరూ ఎవరికి వారే కనిపెట్టారని చరిత్రకారులు తరువాత తేల్చారు. అంటే ఏమైంది? పట్టకం గుండా వెలుగును పంపి చూసినప్పుడు వెలుగు చెప్పింది విన్నాడు, నిజం దొరికింది. లైబ్నిజ్ దగ్గర తన మాట తప్ప ఏమీ వినలేదు, తప్పు తీర్పు దొరికింది. ఒకే బుర్ర, రెండు ఫలితాలు. మనిషంతా సాధువు కానక్కరలేదు, ఒప్పుకుంటాను. వెతుకుతున్న చోట మాత్రం తన్ను తాను మోసం చేసుకోకూడదు, ఆ చోట గుణం లేకపోతే అక్కడ జ్ఞానమూ లేదు.

ఛార్లెస్ డార్విన్ ఆత్మకథలో తన అలవాటు ఒకటి చెప్పుకున్నాడు. తన సిద్ధాంతానికి ఎదురువచ్చే సంగతి ఏదైనా కంటపడితే అప్పటికప్పుడే తప్పకుండా రాసిపెట్టుకునేవాడట. ఎందుకంటే అనుకూలమైనవాటి కన్నా అలాంటివే త్వరగా మరపున పడిపోతాయని అనుభవంలో తెలుసుకున్నాడు. దీన్ని తెలివి అనాలా, నిజాయితీ అనాలా? విడదీయగలిగినవారు నాకు చెప్పండి.

నాకు ఆ అలవాటు లేదని ఎనిమిదో తరగతి పిల్లవాడు నిరూపించాడు. ఒక పద్యంలో ‘నెమ్మి’ అన్న మాట వచ్చింది. నెమలి అని చెప్పి ముందుకు పోయాను. మూడో బెంచీ నుంచి ఆ అబ్బాయి లేచి, ‘సార్, ఇక్కడ ప్రేమతో అని కదా? నెమలి అయితే అర్థం కుదరడం లేదు’ అన్నాడు. కుదరడం లేదని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. ‘కూర్చో, కవిసమయం నీకేం తెలుసు’ అన్నాను. సాయంత్రం ఇంటికి వెళ్ళి నిఘంటువు తీశాను. నెమలి అని ఉంది, ప్రేమ అనీ సంతోషం అనీ ఉంది. నా వేలు నెమలి మీద ఆగింది, పుస్తకం మూసేశాను. నేను చెప్పిన అర్థం నిఘంటువులో ఉంది కదా అని తృప్తిగా భోజనం చేశాను. పద్యం అడిగింది ఏ అర్థమో మాత్రం మళ్ళీ చూడలేదు. మూడో రోజు ఇంకో తరగతిలో అదే పద్యం చెప్పవలసి వచ్చినప్పుడు నోరు నెమలి దగ్గర తడబడింది. అప్పుడు వెళ్ళి ఆ అబ్బాయికి చెప్పాను. వాడు ‘పరవాలేదు సార్’ అన్నాడు, అది ఇంకా గుచ్చుకుంది. ఆ రెండు రోజులు నాకు తక్కువైంది తెలుగు కాదు.

ఈ సందేశానికి కొందరు ఎదురు సందేశం కూడా పంపుతున్నారు, మనిషి మంచివాడైతే చాలు, చదువులూ ఆలోచనలూ ఎందుకు అని. దాన్నీ ఒప్పుకోను. పిల్లవాడికి విరేచనాలు పట్టుకుంటే, నీళ్ళు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయని గొంతు తడపనివ్వని అమ్మమ్మలను నేను చూశాను. ప్రేమకు లోటా? ప్రాణం ఇచ్చే మనుషులు. ఒంట్లో నీరు పోవడమే అసలు ప్రమాదమని, ఉప్పూ పంచదారా సరైన పాళ్ళలో కలిపిన నీళ్ళే కాపాడతాయని తెలియకపోవడం వల్ల ఆ ప్రేమే పిల్లవాడి మీదికి వచ్చేది. నర్సు చెప్పిన మాట విన్న ఇళ్ళలో పిల్లలు లేచి ఆడుకున్నారు.

మళ్ళీ రావణుడి దగ్గరికే వస్తాను, ఎందుకంటే ఆ సందేశం రాసినవారు యుద్ధకాండ చివరిదాకా వెళ్ళినట్టు లేదు. ఇంద్రజిత్తు చనిపోయాక రావణుడు కత్తి దూసి అశోకవనానికి పరుగెత్తుతాడు, సీతను చంపేస్తానని. అప్పుడు సుపార్శ్వుడు అనే మంత్రి అడ్డుపడి అడుగుతాడు: వేదవిద్య పూర్తిచేసి స్నాతకుడివి అయ్యావు, స్త్రీని ఎలా చంపాలనుకుంటున్నావు? ఈ కోపం రాముడి మీద చూపించు, ఈ రోజు చతుర్దశి, రేపు అమావాస్య, సేనతో బయలుదేరు. చదివిన చదువును ఎవరో గుర్తుచేయాల్సి వచ్చింది, పక్కనే మానానికి మేత కూడా వేయాల్సి వచ్చింది. అయినా ఆ ఒక్కసారి రావణుడు విన్నాడు. కత్తితో వచ్చినవాడు ఇంటికి తిరిగి వెళ్ళి, అక్కడి నుంచి మళ్ళీ కొలువుకు నడిచాడు.