శ్రీ ‘ఇక్కడ నిలబడండి’ స్టిక్కరు గారికి

అయ్యా,

గ్యాలరీ నేలకు అంటుకుని, రెండు పాదాల బొమ్మతో, కింద రెండు ముక్కల ఆజ్ఞతో వెలుగొందుతున్న తమకు నమస్కారం. చూపరి కదిలితే తానూ స్పందించే ఇంటరాక్టివ్ కళకు అసలు కర్త మీరే. అయినా ప్రాజెక్టు ప్రతిపాదనలో మీ పేరు ఒక్కచోటా కనబడదు, ఎంత అన్యాయం!

అందులో ఉండేదంతా దేహానుభూతి, చూపరి స్వేచ్ఛ. శరీరంతోనే లోకం మనకు అందుతుందని 1945లో వాదించిన ఫ్రెంచి తత్వవేత్త మెర్లో పాంటీని మొదటి పేజీలోనే పిలిచి పీట వేస్తారు. కాగితం మీద గీసే స్థలం వేరు, మనుషులు బతికే స్థలం వేరని 1974లో చెప్పిన ఫ్రెంచి తత్వవేత్త లెఫెవ్ర్‌ రెండో పేజీలో వస్తాడు. మూడో పేజీలో గది పటం గీస్తారు. ఇక ఆ పెద్దలిద్దరితో పని లేదు.

ప్రారంభోత్సవానికి ముందురోజు సాయంత్రం, మనుషుల కదలికలను పసిగట్టే సెన్సరు బిగిస్తారు. కిటికీలోంచి ఎండ పడితే దానికి కళ్లు బైర్లు కమ్ముతాయి. కొన్ని రకాల నల్లబట్టలు దానికి ఆనవు. ఒకరి వెనుక ఒకరు నిలబడితే ఎవరి చెయ్యి ఎవరిదో తేల్చుకోలేదు. అప్పుడు ఎవరో ఒకరు మీ కోసం పరుగెత్తుతారు.

మీ వంశానికి మహర్దశ పట్టించింది 2010లో వచ్చిన మైక్రోసాఫ్ట్ వారి సెన్సరు కెమెరా కినెక్ట్. వీడియో ఆటల కోసం పుట్టి కళాకారుల చేతికి చిక్కింది. దాని లెక్కలో మనిషంటే 20 కీళ్లు. ఆరుగురు ఎదుట ఉన్నా ఇద్దరికే పూర్తి అస్థిపంజరం దక్కేది. కూర్చున్నవారు కూడా మనుషులేనన్న సంగతి 2012లో గుర్తొచ్చి, వారికి నడుము పైభాగంలో 10 కీళ్లు మంజూరు చేశారు. చక్రాల కుర్చీలో వచ్చినవారు మీ పాదాల బొమ్మ చూసి ఏమనుకోవాలో మాత్రం ఏ ప్రతిపాదనలోనూ రాయరు.

ఆమధ్య ఒకావిడ చంకలో బిడ్డతో మీ మీద నిలబడింది. బిడ్డ కాలు ఆడించినప్పుడల్లా తెర మీది నీడకు మూడో కాలు మొలిచి, దాని చివర రంగులు పూచాయి. తల్లీబిడ్డలు పగలబడి నవ్వారు. ఆ ప్రదర్శన మొత్తంలో దేహమనేది కనబడింది ఆ ఒక్క నిమిషమే. నిర్వాహకుడు వచ్చి, ‘బిడ్డను దించితే సరిగ్గా పనిచేస్తుందండీ’ అన్నాడు.

మీ వృత్తికి శత్రువులు లేకపోలేదు. కళాకారిణి చార్ డేవిస్ 1995లో చేసిన, కళ్లకు తెర తగిలించుకుని చూసే ‘ఆస్మోస్’లో ఊపిరి పీలిస్తే పైకి తేలతారు, వదిలితే కిందికి దిగుతారు. కళాకారుడు లొజానో హెమ్మర్ 2001లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ చౌకులో దీపాలు పెట్టి జనం నీడలను 25 మీటర్ల దాకా పెంచాడు. దీపానికి దగ్గరగా వెళ్లాలో దూరంగా జరగాలో జనమే తేల్చుకున్నారు. రెండుచోట్లా మీకు ఉద్యోగం లేదు. ఇంకో రకం వారితోనూ జాగ్రత్త: ఖాళీ గదిలో ముందు మనుషులను వదిలి, ముసలివారు ఎక్కడ ఆగుతున్నారో, పిల్లలు ఏ మూలకు దూరుతున్నారో సుద్దగీతలు గీసుకుని, ఆ తరువాతే సెన్సరు సంగతి ఎత్తుతారు. ఇలాంటివారు పెరిగితే మీకు పస్తులే.

అన్నట్టు, మీ ఎడమ పాదం అంచు లేచింది. పిల్లలు గోటితో పీకుతున్నారు. ప్రదర్శనలో వారి చేతికి తగిలే వస్తువు అదొక్కటే మరి.

ఇట్లు,
మీకు అడుగు పక్కన నిలబడి ఎవరికీ కనబడని చూపరి