తేలిక చేస్తే పస పోతుందా?
పరిశోధనను మామూలు జనానికి అర్థమయ్యేలా రాస్తే దాని పస పోతుందని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. ఆ మాట నాకు మింగుడు పడలేదు. మాది శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం, కవిటి దగ్గర పల్లె. మా వీధిలోనే నలుగురు డయాలసిస్‌కి వెళ్తారు. ఏళ్ల తరబడి ఎవరో ఒకరు వచ్చి రక్తం, మూత్రం, బోరు నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. మా పెదనాన్న మూడుసార్లు ఇచ్చాడు. చేతి మీద దూది అదిమి పట్టుకుని "ఈ నీళ్లు తాగొచ్చా బాబూ, మానెయ్యాలా?" అని అడిగితే రిపోర్టు వచ్చాక చెప్తామన్నారు. ఆ రిపోర్టు మా గుమ్మం దాకా రాలేదు. తర్వాతెప్పుడో ఉద్దానం మీద ఒక పేపరు నెట్‌లో కనబడింది, ఇంగ్లిష్‌లో. పూర్తిగా చదవాలంటే డాలర్లు కట్టమంది! "ఈ జబ్బుకి ఫలానాది కారణం కాదని తేలింది, ఫలానాది ఇంకా తేలలేదు" అని రెండు పేజీలు తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటిస్తే పోయే పస ఏముంది? గిడుగు రామమూర్తి గారిది మా జిల్లాయే. సవర గిరిజన పిల్లల కోసం వాచకాలు రాసిన ఆయనే 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చారు. పిల్లల పుస్తకాలు రాశారని ఆ నిఘంటువు విలువ ఏమైనా తగ్గిందా? అయితే సగం తెలిసినవాళ్లు చెబితే ప్రమాదమని ఆ వ్యాసంలోనే అన్న మాట మాత్రం ఒప్పుకుంటాను. ఏదో కషాయం తాగితే, కిడ్నీలు పాడైనప్పుడు రక్తంలో పెరిగే క్రియాటినిన్ దిగుతుందని యూట్యూబ్‌లో విని మా పెదనాన్న రెండు నెలలు మందులు మానేశాడు. అసలు తెలిసినవాళ్లు ఆయనతో ఒక్క ముక్క మాట్లాడి ఉంటే ఆ వీడియో దాకా వెళ్లేవాడా?