ఆ ‘ట’ తియ్యకండి

మా మామ్మకు బాగా అలుపొస్తే ఒక మాట అనేది. సంత నుంచి నడిచి వచ్చినా, బస్సులో నిలబడి వచ్చినా, అరుగు మీద కూలబడి “తొంగూపు ఎక్కినట్టయిందిరా నాయనా” అనేది. తొంగూపు అంటే ఏమిటో మాలో ఎవరికీ తెలీదు. అడిగిన గుర్తు కూడా లేదు. పిల్లలం ఆ మాటని ఆటలోకి లాక్కున్నాం. ఇల్లు కట్టేవాళ్ళు వీధిలో పోసిన ఇసక కుప్పకి తొంగూపు అని పేరు పెట్టి ఎక్కేవాళ్ళం. మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. మాట మాత్రం ఇంట్లో ఉండిపోయింది. డల్లాస్‌లో పుట్టిన మా అమ్మాయి కూడా హోంవర్క్ ఎక్కువైతే “తొంగూపు నాన్నా” అంటుంది.

మూడేళ్ళ కిందట ఒక రాత్రి నిద్ర పట్టక, ఇంటర్నెట్‌లో పాత రంగూన్ (అప్పటి బర్మా రాజధాని, ఇప్పటి యాంగోన్) ఫొటోలు ఒకరికొకరు చూపించుకునే వాళ్ళ మధ్య ఈ సంగతి నాలుగు లైన్లు రాశాను. మామ్మ అక్కడే పుట్టింది, 1942లో తొమ్మిదేళ్ళ పిల్లగా వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని నడిచి వచ్చింది, ఈ మాట అనేది, అంతే. తెల్లారేసరికి విశాఖపట్నం నుంచి ఒక పెద్దాయన జవాబు. “అది కొండదారి బాబూ. టౌంగుప్. మా అమ్మ కూడా ఆ దారినే వచ్చింది.”

తర్వాత ఆయన విడమరిచి చెప్పారు. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక ఓడ టికెట్టు మామూలు జనానికి దొరికే వస్తువు కాదు. చాలామంది ప్రోమ్ అనే ఊరి దాకా వెళ్ళి, అక్కణ్ణించి అరకాన్ కొండలు దాటి సముద్రం ఒడ్డున ఉన్న టౌంగుప్ చేరేవారు. అక్కడ పడవ దొరికితే అక్యాబ్ రేవు, ఆ పైన చిట్టగాంగ్ (ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది). నూరు మైళ్ళ పైచిలుకు నడక, తాగడానికి నీళ్ళు లేని దారి, దానికి తోడు కలరా. మేము ఇసక కుప్ప మీద ఆడుకున్న ఆట అది.

ముక్కూమొహం తెలియని మనిషి, మా ఇంట్లో డెబ్భై ఏళ్ళుగా అర్థం లేకుండా తిరుగుతున్న మాటకి ఒక్క రాత్రిలో అర్థం చెప్పేశాడు. ఆ రోజు ఆఫీసులో ఏం పని చేశానో నాకు గుర్తు లేదు.

ఈ పత్రిక చదివే చిన్నవాళ్ళ కోసం ఒక ముక్క చెప్పాలి. రంగం అంటే రంగూన్. మనం అమెరికా రావడం గురించి పెద్ద పెద్ద మాటలు మాట్లాడుకుంటాం గానీ, తెలుగువాళ్ళు సముద్రం దాటి బతకడం మనతో మొదలవలేదు. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం, బారువ, ఈ రేవుల్లో ఎక్కితే రంగంలో దిగేవారు. స్టీమరు ఒడ్డుకి రాలేక లోపలెక్కడో ఆగేది, జనం పడవల్లో వెళ్ళి ఎక్కేవారు. 1931 లెక్కల నాటికి రంగూన్ జనాభా నాలుగు లక్షలైతే అందులో సగానికి పైగా భారతీయులే. బర్మా మొత్తం మీద తెలుగువాళ్ళు సుమారు లక్షన్నర. అక్కడివాళ్ళు మనల్ని ‘కొరంగీలు’ అనేవారు, కాకినాడ పక్కన కోరంగి రేవు పేరు మీద. మా శ్రీకాకుళం వైపు ఇంట్లో చెప్పకుండా పారిపోయిన కుర్రాడి గురించి “రంగం చెక్కేశాడు” అనడం నా చిన్నప్పుడు కూడా ఉండేది. పాత తలుపు ఏది కనిపించినా బర్మా టేకు అనడం ఇప్పటికీ ఉంది. అన్ని తలుపులకి సరిపడా టేకు బర్మాలో ఉండేదా అని నా అనుమానం.

ఇక అసలు విషయానికి వస్తాను. తెలుగులో మనకో గొప్ప సదుపాయం ఉంది, ఒకే ఒక్క అక్షరం: ‘ట’. వచ్చాడు అంటే నేను చూశాను. వచ్చాడట అంటే ఎవరో చెప్పగా విన్నాను. కోర్టులో లాయర్లు గంటసేపు వాదించుకునే తేడాని మన అమ్మమ్మలు క్రియ చివర ఒక్క దెబ్బతో తేల్చేసేవారు. మామ్మ రంగం కబుర్లు ఇప్పుడు గుర్తు చేసుకుంటే ఆ ‘ట’ ఎంత కచ్చితంగా పడేదో తెలుస్తోంది. “కొండ మీద నీళ్ళు లేవు. అయ్య నన్ను భుజానికెత్తాడు. దారిలో ఒకావిడ కూకుండిపోయింది, మరి లెగలేదు.” వీటికి ‘ట’ లేదు, తను చూసింది. “మేస్త్రీ అప్పు తీరేదాకా అయ్య ఎనక్కి రాకూడదట.” దీనికి ఉంది, తను పుట్టకముందు సంగతి. ఒక్కసారి కూడా అటూ ఇటూ అవలేదు.

ఈ మేస్త్రీ అప్పు మాట (మేస్త్రీ అంటే కూలీల్ని కుదిర్చి తీసుకెళ్ళేవాడు) కూడా ఆ ఫొటోల వాళ్ళ మధ్యే రాశాను, అనుకోకుండా. మా ఇంట్లో ముత్తాత, అంటే మామ్మ వాళ్ళ నాన్న గురించి చెప్పేది వేరు: ఆయన రంగంలో వ్యాపారం చేశాడు. ఏం వ్యాపారమో ఎవరూ చెప్పరు. గట్టిగా అడిగితే “బియ్యం” అనేవారు. ఆ విశాఖ పెద్దాయనే మళ్ళీ మెల్లగా అన్నారు: “మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేది కూలీలకి కదండీ. ఓడ టికెట్టుకీ, తిండికీ వాడే పెట్టి, అక్కడ రేవులోనో రైసుమిల్లులోనో పనికి పెట్టి, జీతంలోంచి పట్టుకునేవాడు. వ్యాపారస్తుడికి మేస్త్రీతో అప్పెందుకు?” నిజమే. బియ్యం అన్నమాట అబద్ధం కాదు. ఆయన బియ్యం బస్తాలు మోశాడు, అంతే.

నేను దాన్నీ దాచకుండా రాసేశాను. రెండ్రోజులకి ఊరి నుంచి చిన్నాన్న ఫోన్.

“కూలోడని రాసీసావేట్రా?”

“మామ్మ చెప్పిందే కదా చిన్నాన్నా, మేస్త్రీ అప్పని.”

“ఆవిడ సెప్తే? ఇంట్లో సెప్పుకున్నది వేరు, నలుగురిలో ఎట్టుకోడం వేరు. నువ్వక్కడున్నావు, ఇక్కడ మేం తిరగాల.”

కోపం వచ్చింది గానీ, ఆయన మాటలో న్యాయం లేదని అనలేను. వేల మైళ్ళ దూరంలో కూర్చుని ఊరి జ్ఞాపకాలు బయటపెట్టడానికి నాకు ఖర్చేమీ లేదు. బతికున్నవాళ్ళ సంగతైతే ఆయన వద్దంటే నేను రాయను, రాయకూడదు. కానీ పోయి అరవై ఏళ్ళయిన మనిషి బస్తాలు మోసి అప్పు తీర్చి, కూతుర్ని భుజాన వేసుకుని కొండ దాటాడంటే అందులో పోయే పరువేమిటో నాకు అర్థం కాదు. మన అసోసియేషన్ సావనీర్లు తిరగేస్తే పూర్వీకుల పేజీల్లో ప్రతి తాతా ఊరికి పెద్దే. కరణమో మునసబో, లేకపోతే ఏకంగా జమీందారుకి కుడిభుజం. అందరూ పెద్దలే అయితే ఆ ఊళ్ళలో పొలాలెవరు దున్నారో!

చుట్టాలతో వచ్చే చిక్కు ఇదే. వాళ్ళకి కథ ముందే తెలుసు, పైగా ఎలా ముగియాలో కూడా తెలుసు. “అదేం కాదు, నీకు తెలీదు” అని మొదలుపెడతారు. బయటివాడికి మన పరువుతో పని లేదు కాబట్టి అసలు ప్రశ్న అడుగుతాడు. ఏ దారి? ఏ రేవు? అప్పు ఎవరికి? అయితే బయటివాళ్ళందరూ అలాంటివాళ్ళు కారు. మన తెలుగువాళ్ళలో మూడో వాక్యంలో ఇంటిపేరు అడిగి, నాలుగో వాక్యంలో “మీరు ఏవిటి?” అని తేల్చుకున్నాక గానీ కబురు ముందుకు సాగనివ్వనివాళ్ళు ఉన్నారు. అది తెలిశాక కొందరు మరీ దగ్గరైపోతారు, కొందరు మాయమైపోతారు. రెండూ నాకు నచ్చలేదు. ఇంకో మాట, పనిలో పనిగా: అమ్మ పుట్టింటి పేరు, పుట్టిన ఊరు, చిన్నప్పటి ముద్దుపేరు ఇవన్నీ ధారాళంగా రాసే ముందు బ్యాంకు వాళ్ళు సెక్యూరిటీ కోసం ఏం ప్రశ్నలడుగుతారో ఒకసారి గుర్తు చేసుకోండి.

నన్ను భయపెట్టింది మాత్రం ఇవేవీ కావు. నేను రాసిన ఏడాదికి, ఇక్కడ ఒక స్నేహితుడు వాట్సాప్‌లో ఏదో పంపాడు, “మీ వైపు కథే, చదువు” అని. చదివితే అది మా కథే. కాకపోతే మా ముత్తాత అందులో నేతాజీ సైన్యంలో చేరి, ఆయన ఆజ్ఞ మీద రహస్య పత్రాలు పట్టుకుని టౌంగుప్ కొండ దాటాడు. కూతురు లేదు. కొండ మీద కూర్చుండిపోయిన ఆవిడ లేదు. మేస్త్రీ ఎలాగూ లేడు. చివర జాతీయ జెండా బొమ్మ ఉంది. నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్ పగ్గాలు పట్టింది 1943 జులైలో, రంగూన్‌కి మకాం మార్చింది 1944 జనవరిలో. మావాళ్ళు 1942 వేసవి రాకముందే ఇల్లు చేరారు. ఈ చిన్న లెక్క ఎవరూ వెయ్యలేదు.

ఎక్కడ మొదలైందా అని వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళాను. దొరికినంత వరకు చూస్తే, నా తర్వాత రెండో మనిషి “ఆ రోజుల్లో చాలామంది నేతాజీతో కూడా వెళ్ళారట, వీళ్ళ తాతగారు కూడా వెళ్ళి ఉంటారేమో” అని రాశాడు. మంచివాడే, ‘ట’ పెట్టాడు, ‘ఏమో’ కూడా పెట్టాడు. తర్వాతి మనిషి దగ్గర ‘ఏమో’ రాలిపోయింది. ఆ తర్వాత ‘ట’ పోయింది. అబద్ధం ఎవరూ ఆడలేదు. ఒక్కొక్కరు ఒక్కో చిన్న అక్షరం బరువనుకుని దించేశారు. నిజంగా ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరిన తెలుగువాళ్ళ పిల్లలూ మనవలూ ఉన్నారు, వాళ్ళ మాట నమ్మాలంటే మొదట మా ముత్తాతని ఆ జాబితాలోంచి తీసెయ్యాలి.

యాంగోన్ నుంచి రాసిన ఒకావిడ గురించి చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. బర్మా ఆవిడ, స్కూల్లో టీచరట. ఇంగ్లీషులో రాసేది. రంగూన్‌లో 1930లో జరిగిన గొడవల మీద మాట వచ్చింది. మా ఇంట్లో దాని గురించి ఉన్నది ఒకే వాక్యం: “బర్మావోళ్ళు మనోళ్ళని నరికీసారట.” ఆవిడ ఇంట్లో వాక్యం వేరు. ఆ మే నెలలో రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె కట్టారు. ఓడల వాళ్ళు వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళని పనికి పిలిచారు. సమ్మె తీరి మనవాళ్ళకి జీతం కాస్త పెరిగింది. 26వ తేదీ పొద్దున పనికని వచ్చిన బర్మావాళ్ళని ఇక అక్కర్లేదు పొమ్మన్నారు. అక్కడ మొదలైన తగవు ఊరంతా పాకింది, వందకు పైగా ప్రాణాలు పోయాయి, పోయినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. ఆవిడ ముత్తాత పల్లెనుంచి భార్యని వెంటబెట్టుకుని ఆ పని కోసమే వచ్చాడట. ఒక వారం జీతం చూసి, మర్నాడు గేటు దగ్గర ఆగిపోయాడట. ఆయన ఎవరినైనా కొట్టాడా అని నేను అడగలేదు. మావాళ్ళు ఎవరినైనా కొట్టారా అని ఆవిడా అడగలేదు. చాలాసేపు ఇద్దరం ఏమీ రాయలేదు. బస్తాలు మొయ్యడానికి ఇద్దరు పేదవాళ్ళు, గేటు వేసే తాళంచెవి ఇంకెవరి దగ్గరో. ఈ సంగతి ఇంట్లో వాక్యంలో పట్టదు, రెండిళ్ళ వాక్యాలు పక్కపక్కన పెడితే కనపడింది.

1964లో నే విన్ ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేసి, పెద్ద నోట్లు రద్దు చేశాక కట్టుబట్టలతో ఓడెక్కి విశాఖలో దిగిన కుటుంబాలవాళ్ళు కూడా ఆ ఫొటోల వాళ్ళ మధ్య తగిలారు. విశాఖలో వాళ్ళు ఉన్న బర్మా క్యాంపు కబుర్లు వాళ్ళు చెబితేనే బాగుంటాయి, నేను ఎత్తుకోను.

ఆ టీచరమ్మ ఒకరోజు అడిగింది: “మీ మామ్మ తండ్రి గురించి ఇంత రాశారు. ఆమె తల్లి ఎవరు?”

“రంగూన్‌లోనే పోయింది” అని రాశాను. మా ఇంట్లో అలాగే చెబుతారు.

“ఏ సంవత్సరం? బాంబుల్లోనా?”

జవాబు లేదు. ఆమె పేరు కూడా నాకు తెలీదని అప్పుడు తట్టింది. మామ్మ వాళ్ళమ్మ గురించి ఒక్క మాట కూడా ఎప్పుడూ అనలేదు, ‘ట’తోనూ అనలేదు, అది లేకుండానూ అనలేదు.

పోయిన సంక్రాంతికి చిన్నాన్నకి ఫోన్ చేసి ఈ ప్రశ్న అడిగాను. తిడతాడనుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. వెనకాల గంగిరెద్దుల వాళ్ళ సన్నాయి వినిపిస్తోంది. తర్వాత అన్నాడు:

“మీ మామ్మ ఆఖర్లో నాతో ఒక్కసారే అన్నాది. ఆళ్ళమ్మ పోలేదటరా. ఆవిడ ఆ దేశం మనిషట. రేవు దాకా వచ్చి, రాననీసి నిలబడిపోనాదట.”

“ఇది రాసుకోనా చిన్నాన్నా?”

“రాస్తే రాయి. ఆ ‘ట’ మాత్రం తియ్యకు.”